టండిష్ ఉంది నాన్నా

నాన్నా,
పప్పు స్టవ్ మీద ఉంది, వేడి చేసుకుని తిను. తిన్నాక బీరువా మీదున్న చార్జ్‌మన్ ప్రమోషన్ పరీక్ష ఫారంలో సంతకం పెట్టు. రేపే ఆఖరు రోజు.

చార్జ్‌మన్ అయితే లాగ్‌బుక్ ఇంగ్లీషులో రాయాలని నీకు భయం. కానీ మొన్న మాటల ఆటలో నేనిచ్చిన ఏడు ఇంగ్లీషు అక్షరాల్లోంచి డస్ట్, యూనిట్, హంట్ అంటూ పదకొండు మాటలు తీశావు. ఏడూ కలిపి టండిష్ అని రాస్తే, అది మీ స్టీల్ ప్లాంటు వాళ్ళ మాట, ఇంగ్లీషు కాదని నేనే కొట్టేశాను. "చదువుకున్నదానివి, నీకు తెలీదేటి! ఛోడో, నాకీ పరీక్షలెందుకు" అని కాగితం మడిచేశావు. రెండు రోజులుగా పెన్సిల్ ముట్టలేదు. ఒక్క మాటకే అలగాలా అని నాకూ కోపమొచ్చింది.

నిన్న లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీసి చూశాను. ఉంది నాన్నా. బీఏ చదివిన నాకు తెలియని ఇంగ్లీషు మాట నీకు తెలుసు. తప్పు నాదే.

ట్యూషన్ చెప్పడానికి సెక్టర్ 7 వెళ్తున్నాను. ఆరింటికి వస్తాను.

వాణి

కరిగిన ఉక్కు పోసే తొట్టె అని మాత్రమే ఉంది డిక్షనరీలో. దాని దగ్గర నువ్వేం చేస్తావో సాయంత్రం చెప్పాలి. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు.