దుప్పటి కప్పిన కారు

నాయనా,

బస్సుకు టైమైంది, పోతాండాను. సంగటి పొయ్యి పక్కన ఉండాది, సల్లారకముందే తిను.

షోరూమోళ్లు సర్వీసుకిచ్చిన మన కారు గురించి ఫోన్ చేస్తే ఆయిల్ మార్చి, బ్యాటరీ సూడమను. ఇంజెక్టర్ క్లీనింగ్ మాత్రం వద్దని చెప్పు. కారు జర్కులు కొట్టలేదు, మైలేజీ తగ్గలేదు, ఇంక అది యాల? పొద్దున్నే స్టార్ట్ కాకుండా మొండికేస్తాండేది ఊరికే నిలబెట్టినందుకే. ఆదివారం చర్చికి తప్ప నువ్వు దాన్ని బయటికి తియ్యవు. దుమ్ము పడకుండా దానికి దుప్పటి కప్పుతావు, నేనేమో దినామూ మదనపల్లె ఆసుపత్రిలో డ్యూటీకి బస్సులో నిలబడి పోతాండాను.

షైనీ

మరిచిపోయినా. సాయంత్రం కారు తెచ్చేటప్పుడు ఆసుపత్రి గేటు కాడికి రా. ఆదివారం కాకపోయినా ఎక్కుతాను.