నాయన గీయని నెమలి

రాజేంద్రా,

అక్క ఆశీస్సులు. మీ కంపెనీ తేబోయే ఖరీదైన టాబ్లెట్‌లో ఏమేం ఉంటే బాగుంటుందని అడిగావు. తెర పెద్దది చేయనక్కర్లేదు, బరువు తగ్గించనక్కర్లేదు. ముందు ఇది విను.

ధర్మవరంలో మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. కొత్త అంచు గీస్తే, మొదటి చీర మగ్గం దిగేదాకా దాన్ని గడప దాటనివ్వం. నాయన తను అంచులు గీసిన గ్రాఫ్ కాగితాలను పరుపు కిందే దాచేవాడు. వాటికి చెద పడుతోందని నేనే అన్నింటినీ ఫోటోలు తీసి నా టాబ్లెట్‌లో పెట్టాను.

మొన్న కొత్త అంచుకు ఆ టాబ్లెట్ మీదే నెమలిని మెడ వరకే గీసి, పొయ్యి మీది పాలు దించడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి మిగతా నెమలిని అదే పూర్తి చేసింది. తోక చివరను ఎడమకు తిప్పడం నాయన ఒక్కడి అలవాటు. అదీ ఉంది.

నాయన చూసి, "ఇది నా చెయ్యే గదమ్మా! ఎప్పుడు గీసినా? గ్యాపకమే లేదే!" అన్నాడు. టాబ్లెట్ గీసిందంటే నమ్మడు. తనకు మతి తప్పుతోందని భయపడుతున్నాడు.

నా భయం వేరు. అది నేర్చుకున్న ఆయన చెయ్యి మన ఇంట్లోనే ఉందా, ఇంకెవరి ఇంట్లోనైనా గీస్తోందా? అది తెలుసుకునే దారి, వెనక్కి తెచ్చుకునే దారి కొత్తదాంట్లో పెట్టించు.

ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు. రెండూ నా టాబ్లెట్‌లోకే వస్తాయి. కాగితం మీద రాయి. నీ జవాబు నాకంటే ముందు అది చదవకూడదు.

అక్క