ఎడమ బాక్సు

2 జూలై 2006, ఆదివారం, సాయంత్రం

నీ ఇంట్లో మోగుతున్న పాట నీకు పూర్తిగా వినబడుతోందని ఎవరు చెప్పారు నీకు?

ఇవాళ సంఘంలో వాక్యోపదేశం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. మేం ఆదివారాలు కూడేది ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ హాల్లో. వారమంతా ఆ గదిలో ఒరాకిల్ చెబుతారు. బోర్డు మీద వాళ్ళ గీతలు తుడవకుండానే వాటి ముందు నిలబడ్డాను. పంజాగుట్టలో స్టీరియోల షాపు నడిపే ఖలీద్ భాయ్ ట్రయల్‌కి ఇచ్చిన స్పీకర్ వైరు సంచిలోంచి తీసి పైకెత్తి చూపించాను. వేలెడు లావు, బంగారు పూత పిన్నులు. ఇది తగిలించగానే ఏళ్ళ తరబడి వింటున్న పాటలో వెనకాల కంజీర మొదటిసారి వినబడిందని సాక్ష్యం చెప్పాను. దేవుని స్వరం మారలేదు, దాన్ని మోసే నీ హృదయమే తుప్పుపట్టిన తీగ అని గర్జించాను. హల్లెలూయలు ఆగలేదు.

కంజీర విన్నానా? విన్నట్టే ఉంది.

3 జూలై

నా జిరాక్స్ షాపులో జావా నోట్సు తీస్తుంటే ఒకటే ఫోన్లు. ఆ వైరు ఎక్కడ దొరుకుతుంది బ్రదర్ అని. మా సంఘం కుర్రాడు రవికాంత్ వైరుతో ఆగలేదు, బాక్సుల కింద పెట్టే ఇత్తడి మేకులు కూడా కొనేశాడట. ఖలీద్ భాయ్ నవ్వుతూ, ఏం చెప్పిండ్రు బుచ్చిబాబు బ్రదర్, మీ సంఘమంతా నా షాపులనే కూసున్నది అన్నాడు.

గర్వంగా ఉంది. గర్వం గురించి లేఖనం ఏమంటుందో తెలుసు. ఇవాళ ఆ పేజీ తియ్యలేదు.

6 జూలై, గురువారం

అచ్యుతరావు గారు ఫోన్ చేశారు. మా సంఘం పాటలకి ఆయనే పెద్ద. హార్మోనియం ఆయనదే, ఎవరి శ్రుతి ఎక్కడ జారిందో కళ్ళు మూసుకుని చెప్పేదీ ఆయనే. మంగళవారం పొద్దున లేచేసరికి స్టీరియోలో ఎడమ బాక్సు మూగబోయిందయ్యా అన్నారు. గుడ్డ కప్పినట్టుందట. పైగా సన్నగా ఈల. నీ సాక్ష్యం విన్నాక ఇంకా ఆలోచించేదేముంది, ఆ వైరే తెప్పించాను, వచ్చి తగిలించు అన్నారు.

7 జూలై

శ్రీనగర్ కాలనీలో ఆయన ఇంటికి వెళ్ళాను. ఫ్లైఓవర్ కోసం పంజాగుట్టంతా తవ్వేశారు, ఆటోవాడు నన్నూ తిట్టాడు, గవర్నమెంటునీ తిట్టాడు.

కొత్త వైరు తగిలించాను. తేడా లేదన్నారు. కుడి వైరు ఎడమకీ, ఎడమది కుడికీ మార్చాను. మందం ఎడమవైపే ఉందన్నారు. బాక్సులే అటూ ఇటూ మార్చాను. అయినా ఎడమవైపే. నాకు రెండు బాక్సులూ ఒక్కలాగే వినబడ్డాయి. ఆ మాట అనలేదు. వైరు కొత్తది కదండీ, కొన్నాళ్ళు మోగితే పండుతుంది, అప్పుడు తెరుచుకుంటుంది అన్నాను. అది ఖలీద్ భాయ్ మాట. వాక్యం చెప్పే గొంతుతో చెప్పాను. ఆయన తలూపారు.

9 జూలై, ఆదివారం

రాయడానికి సిగ్గుగా ఉంది.

అచ్యుతరావు గారు ఎడమ బాక్సుని దుప్పటిలో చుట్టి ఆటోలో హాలుకి తెచ్చారు. ప్రార్థన చెయ్యి నాయనా అన్నారు. రోగుల మీద చేతులుంచమన్నారు గాని చెక్కపెట్టెల మీద ఉంచమని ఎవరన్నారు? నేను ఉంచాను. నూనె రాశాను. రవికాంత్, ఇంకో పదిమంది నా వెనకాల చేతులు చాచారు. గొంతు చించుకున్నాను. తర్వాత ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, కొంచెం తేలికపడినట్టే ఉంది అన్నారు. అందరూ చప్పట్లు.

పాటలప్పుడు ఆయన అందుకోవడం ఆలస్యమైంది. ఆయనకి! ఎడమపక్క నిలబడ్డ మా సంఘం అమ్మాయి మంజూష, అంకుల్, అంకుల్ అని పిలిచింది. పలకలేదు. ప్రార్థనలో ఉన్నారనుకున్నాం.

10 జూలై

స్వరాజ్యం పరీక్ష పెట్టింది. నా భార్య నా ప్రసంగాలకి ఎప్పుడూ ఆమెన్ అనదు, తల పక్కకి తిప్పుకుని నవ్వుతుంది. స్టీరియో వెనక దుప్పటి అడ్డంగా కట్టి, ఓసారి ఖరీదు వైరు, ఓసారి పాతది తగిలిస్తాను, ఏదో చెప్పండి అంది.

మొదటిది వినగానే ఇదే ఖరీదుది అన్నాను. కంజీర ముత్యంలా ఉందన్నాను. ఆమె దుప్పటి ఎత్తింది. క్రిస్మస్ నక్షత్రానికి కట్టే లైటు వైరు ముక్క.

రెండోది ఖరీదుదట. దాన్ని పాతదన్నాను. ఏంటండీ, మీ కంజీర వైరు మార్చిందా, ఇల్లు మార్చిందా అంది. నవ్వలేకపోయాను. పాటలో కంజీర మొదటినుంచీ ఉంది. ఆ రోజు దానికోసం చెవులు రిక్కించాను, అంతే.

అబద్ధ సాక్ష్యం పలకకూడదని చిన్నపిల్లలకి కూడా బట్టీ పట్టిస్తాను.

11 జూలై, మధ్యాహ్నం

ఖలీద్ భాయ్‌తో గొడవపడదామని వెళ్ళాను. ఆయన చాయ్ తెప్పించాడు. బ్రదర్, పిన్ను వదులైతే, వైరు తుప్పు పడితే, కొత్తది ఏస్తె తెలుస్తది, గది నిజం. గంతకు మించి నేనన్నది జర ఫరక్, కొంచెం తేడా, గంతే. మీరు మైకు పట్టుకొని మస్తు ఫరక్ చేసిండ్రు అన్నాడు. ఫికర్ చెయ్యకుండ్రి, అందరియి వాపస్ తీసుకుంట అని కూడా అన్నాడు.

అచ్యుతరావు గారింట్లో జరిగిందంతా చెప్పి, మరి ఆయన బాక్సు ఎందుకు బాగవలేదు భాయ్ అని అడిగాను. వైర్లు మార్చిండ్రు, బాక్సులు మార్చిండ్రు, ఇగ మారనిది ఏమున్నది, మనిషి ఒక్కడే గదా, ఆయన కుర్చీ తిప్పి చూడుండ్రి అన్నాడు.

11 జూలై, సాయంత్రం

తిప్పాను. స్టీరియోకి వీపు పెట్టి కూర్చోమన్నాను. పాట పెట్టాను.

విచిత్రంగా ఉందే, ఇప్పుడు కుడి బాక్సు మూగబోయింది అన్నారు అచ్యుతరావు గారు.

మందం బాక్సులో లేదు, వైరులో లేదు. ఆయన తలతోపాటు తిరుగుతోంది. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను. ఆయన నావైపు తిరిగి, నువ్వు చేతులుంచావు కదా, నెమ్మదిగా బాగవుతుందిలే, నమ్మకం ఉంది నాకు అన్నారు.

ఏం చెప్పను? నా వైరు అబద్ధమంటే నా ప్రార్థన? నా ప్రార్థన వట్టిదంటే ఇన్నేళ్ళ నా సాక్ష్యాలు? కాఫీ తాగి వచ్చేశాను. తాగి వచ్చేశాను!

12 జూలై, బుధవారం

మంజూష పంజాగుట్టలో చెవి డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను. ఒక చెవి ఉన్నట్టుండి పోయి, లోపల ఈల వేస్తుంటే అది మామూలు జలుబు కాదు బ్రదర్, అదే రోజు పరుగెత్తుకు రావాలి అంది. త్వరగా మందు పడితే చాలామందికి వినికిడి తిరిగొస్తుందట. ఆలస్యమైనకొద్దీ ఆశ తగ్గుతుందట. వారం దాటినా సరే, రేపైనా సరే, వెంటనే తీసుకురండి, ఎవరు బ్రదర్ ఆయన అని అడిగింది.

దూరపు బంధువు అన్నాను.

ఆయన చెవి పోయింది నా వైరు వల్ల కాదు. కానీ అది మూగబోయిన రోజు నుంచి ఆ చెవికీ డాక్టరుకీ మధ్య నిలబడింది నేనే. పండుతుందన్నాను. నూనె రాశాను. కాఫీ తాగాను.

స్వరాజ్యానికి అంతా చెప్పాను. ఈసారి నవ్వలేదు. నాకెందుకు చెబుతున్నారు అంది.

13 జూలై, ఉదయం

లే, బుచ్చిబాబూ. ఆదివారం దాకా కాదు, మైకులో కాదు. శ్రీనగర్ కాలనీకి ఆటో ఎక్కు. ఆయన కుడివైపు నిలబడి, వినబడేలా చెప్పు. చెప్పులు వేసుకోనిచ్చి అదే ఆటో ఎక్కించు. మంజూష తొమ్మిదికల్లా క్లినిక్ తెరుస్తుంది.

కలం పడెయ్. ఇవాళే. ఇప్పుడే.