జానెడు పక్కన

నూజివీడు దగ్గర తోట
ఫిబ్రవరి 9

ప్రియమైన సుభద్రక్కకు,

తమ్ముడు పెద్దిరాజు నమస్కారాలు. నా కోడిగీతల రాత, తప్పులు మన్నించు. చదివింది ఐదో తరగతి. ఫోనులో నీ గొంతు వినగానే నాకు మాట పెగలదు. అందుకే కాగితం.

ఈ ఏడు మామిడి పూత బాగుంది. మా అబ్బాయి ప్రసాద్ కూతురు యోగితకి ఐదేళ్ళు నిండాయి. మొన్న అంగన్‌వాడీ షీబా టీచరు నన్ను ఆపింది.

"తాతగారూ, పిల్ల పూసలు గుచ్చలేకపోతోంది, బంతి వేస్తే పట్టుకోలేదు. ఇంట్లో ఏం ఆడిస్తారండీ?"

"ఏమీ ఆడించమండీ" అన్నాను.

"అదేంటండీ! గోళీలు, గచ్చకాయలు కూడానా? కన్ను చూసిన చోటికి చెయ్యి పోవడం వాటితోనేగా అలవాటయ్యేది!"

తల దించుకుని వచ్చేశాను. మా ఇంట్లో ఆటలు ఎందుకు లేవో నీకు తెలుసు. కర్రాబిళ్ళ ఆటలో నేను కొట్టిన బిళ్ళ నీ ఎడమ కంటికి తగిలి చూపు పోయిన రోజున గోళీలన్నీ బావిలో పోశాను. ప్రసాద్‌ని కూడా ఏ ఆటా ఆడనివ్వలేదు. అరవై ఏళ్ళు దాటింది. తప్పయిందక్కా అని ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఒంటి కంటితోనే నువ్వు గచ్చకాయల్లో వీధి మొత్తాన్నీ ఓడించేదానివి. ఎలా నేర్చావో రాస్తే పిల్లకి నేర్పుతాను.

నీ తమ్ముడు,
పెద్దిరాజు


చింతలపూడి
ఫిబ్రవరి 20

ప్రియమైన తమ్ముడికి,

దీవెనలు. మీ బావ కులాసా. ఆయన దగ్గు కూడా కులాసాగానే ఉంది.

పిల్లకి ముందు ఒక్క కాయే ఇవ్వు. జానెడు ఎత్తే ఎగరెయ్యమను. చేతిని చూడకూడదు, కాయనే చూడాలి. అది కుదిరాక కింద ఒకటి పెట్టి, పైది దిగేలోపు ఏరమను. తర్వాత రెండు, మూడు. నువ్వూ ఎదురుగా కూర్చుని ఆడు. తాతని ఓడిస్తే దానికి హుషారు.

కంటి సంగతి మాత్రం ఇక ఎత్తకు.

నీ అక్క,
సుభద్ర


తోట
మార్చి 16

ప్రియమైన అక్కకు,

ఎత్తవద్దన్నావు, ఎత్తను. రోజూ ఆడుతున్నాం. "తాతా, నీకే రావట్లేదు!" అని ఎగతాళి చేస్తుంది. కానీ దానికీ రావడం లేదు. కాయ ఒక చోట దిగితే, గుప్పిట జానెడు పక్కన మూస్తోంది. ఎగరేసినప్పుడల్లా మెడ ఎడమకి తిప్పుతుంది, అచ్చం నీలాగే.

నిన్న కళ్ళగంతలు ఆడాం. గంత జారి కుడి కన్నొక్కటే మూసుకుంది. నేను ఎదురుగా నిలబడి నవ్వుతుంటే, "ఎవరది? అంతా మసకగా ఉంది" అంది. దొంగాట నేర్చిందని కోడలు సౌజన్య, నేను ఒకటే నవ్వు.

ప్రసాద్ కూడా ఇంతే. మామిడికాయలు కోసే చిక్కం కర్ర ఎత్తితే కాయకి జానెడు పక్కన పెట్టేవాడు. కాయలన్నీ నేలరాలి పగిలేవి. ఒకసారి కూలీలందరి ముందూ "కళ్ళు లేవురా నీకు?" అని కొట్టాను. పదిహేడేళ్ళకి తోట మానేసి జంక్షన్‌లో ఒక కొట్లో పనికి చేరాడు. మళ్ళీ చెట్టు కిందికి రాలేదు. అందుకే పిల్లని ఏమీ అనకుండా నోరు నొక్కుకుంటున్నాను.

నీ తమ్ముడు,
పెద్దిరాజు


చింతలపూడి
మార్చి 21

తమ్ముడూ,

రేపే పిల్లని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. అది దొంగాట కాదు.

నీ దెబ్బ నా కనుబొమకి తగిలింది, కంటికి కాదు. అమ్మ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు నా కుడి కన్ను మూసి, ఏం కనిపిస్తోందని అడిగాడు. అంతా మసకే. ఈ కంటికి పుట్టినప్పటి నుంచీ చూపు సరిగా లేదన్నాడు. నాకే తెలీదు, అందరికీ అంతే అనుకున్నాను.

దారిలో అమ్మ అంది: "పుట్టుకతో లోపమంటే రేపు నిన్నెవడు చేసుకుంటాడే? తమ్ముడి దెబ్బంటే పిల్లలాట అనుకుంటారు. వాడు మగాడు, మోస్తాడులే."

నువ్వు మోశావు. నీకప్పుడు ఎనిమిదేళ్ళు. నా పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను, పిల్లలు పుట్టాక చెబుదామనుకున్నాను. తర్వాత ముఖం చెల్లలేదు. ఇప్పుడైనా ఆ పిల్ల కంటి కోసం చెప్పాను గానీ, నీ కోసం కాదు. అందుకే నాకు సిగ్గు.

సుభద్ర


తోట
ఏప్రిల్ 18

ప్రియమైన అక్కకు,

పిల్లని చూపించాం. చూసే పనంతా కుడి కంటికే వదిలేసి ఎడమ కన్ను బద్ధకించిందట. అద్దాలిచ్చారు. రోజూ కొన్ని గంటలు కుడి కంటికి పట్టీ అంటించి, ఎడమ కంటితోనే పని చేయించమన్నారు. గచ్చకాయలు ఆడించవచ్చా అంటే, భేషుగ్గా అన్నారు. నిన్న పదిసార్లు ఎగరేసి మూడు పట్టింది. చిన్నతనంలోనే తెలిసింది కాబట్టి బాగవుతుందన్నారు.

ప్రసాద్‌కీ చూపించాం. వాడిదీ అదే కన్ను. వాడికి మాత్రం బాగయ్యే వయసు దాటిపోయిందట. బయటికొచ్చాక వాడు నా వంక చూసి, "అయితే నాకు నిజంగానే కళ్ళు లేవన్నమాట నాన్నా" అన్నాడు. అంతే. చిన్నప్పుడు వాడిని ఆడనిస్తే, గోళీ గురి తప్పినప్పుడే ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్ళు. ఆ గోళీలు బావిలో పోసింది నేను.

నీ మీద కోపం రాలేదంటే అబద్ధం. మూడు రోజులు నీ ఉత్తరం ముట్టుకోలేదు. ఇన్నేళ్ళూ నీ ఇంటికి వచ్చినా నీ ముఖం నిండుగా చూడలేదు నేను. తోటలో కాయల కోత అయిపోగానే వస్తాను, చూస్తాను.

ఈలోగా నాకో సాయం చెయ్యి. దాచిన మాట నువ్వు నాకు చెప్పగలిగావు. కూలీల ముందు నేను కొట్టిన దెబ్బకి ప్రసాద్‌తో ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. వాడు సాయంత్రం కొట్టు నుంచి వచ్చి నా పక్కనే కూర్చుంటాడు, నేను కాయల ధర గురించి మాట్లాడి లేచిపోతాను. ఎలా మొదలుపెట్టాలో రెండు ముక్కలు రాయి. తొందరగా రాయి అక్కా.

నీ తమ్ముడు,
పెద్దిరాజు