ఆ 'కొందరు' ఎవరు?

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. పెద్దదాన్ని కాబట్టి రాయక తప్పడం లేదు. ఇక్కడ అమ్మ క్షేమం, మీ బావ క్షేమం, మేడ మీద పూలకుండీలు కూడా క్షేమం. నేను మాత్రం కాదు. నీ క్షేమం అడగను. ఎదుటివాళ్ళ పేరు వాడుకుని బతికేవాడికి లోటేముంటుంది?

నీ ఫోను ఎత్తడం మానేశానని ఉత్తరం రాశావు. సంతోషం. కాగితంలో ఒక ముక్క కత్తిరిస్తే ఆ కన్నం ఎవరికైనా కనిపిస్తుంది. అందుకే నేనూ కాగితం మీదే రాస్తున్నాను. మొదటి నుంచి చివరిదాకా చదువు. నీకది అలవాటు లేదని తెలుసు, ఈ ఒక్కసారికి ఓపిక పట్టు.

అమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. తగ్గలేదు. కొత్త మాత్రలు వేసుకుంటోంది, మెట్లెక్కడం మానేసింది. "వాడితో ఎందుకే మాట్లాడవు?" అని నా ప్రాణం తోడేస్తోంది. సిగ్నల్ దొరకడం లేదమ్మా అంటున్నాను. నీ కోసం అమ్మతో అబద్ధాలాడుతున్నాను, అదీ ఖాతాలో రాసుకో.

"అంత చిన్న విషయానికి గ్రూపులోంచి వెళ్ళిపోతావా అక్కా?" అని ఇంకో ప్రశ్న. చిన్న విషయమట! విను.

మన లిఫ్ట్ మెకానిక్కుల గ్రూపులో ఎవరో అడిగారు, తలుపు సెన్సార్ పాడైతే ఏం చెయ్యాలని. మనిషి అడ్డం వస్తే తలుపు మూసుకోకుండా ఆపేది అదే. అది చెడిపోతే తలుపు మూసుకోదు, లిఫ్ట్ కదలదు, బిల్డింగులో వాళ్ళు మెకానిక్కు పీక మీద కూర్చుంటారు. వైరు కలిపేస్తే లిఫ్ట్ నడుస్తుంది, కానీ మనిషి అడ్డం ఉన్నా తలుపు ఆగదు. లిఫ్టులు తనిఖీ చేసి సంతకం పెట్టేదాన్ని, నోరు మూసుకుని ఉండలేకపోయాను. ఇలా రాశాను: "కొత్త పార్టు వచ్చేదాకా సెన్సార్‌ని వైరుతో కలిపేసి నడిపించెయ్యొచ్చు, కొంపేం మునగదు అని కొందరు అంటున్నారు. ఎట్టి పరిస్థితిలోనూ అలా చెయ్యకండి. లిఫ్ట్ ఆపి, తాళం వేసి, బోర్డు పెట్టండి."

నువ్వేం చేశావు? "సెన్సార్‌ని వైరుతో కలిపేసి నడిపించెయ్యొచ్చు, కొంపేం మునగదు" అన్న ముక్క ఒక్కటే కత్తిరించి, ముందూ వెనకా కొటేషన్ గుర్తులు తగిలించి, కింద నా పేరు, నా ఉద్యోగం, "మా అక్క మాట అంటే మాటే" అని రాసి నీకు తెలిసిన గ్రూపులన్నిటికీ పంచిపెట్టావు. నా పోస్టు మీద ఫార్వర్డ్ నొక్కి ఉంటే మొత్తం కనిపించేది. ఒక్క వేలితో అయ్యే పని. దానికీ బద్ధకమే!

మా వైపు పొడుగాయన అని ఒక మెకానిక్కు ఉన్నాడు. ఓ పాత ఆఫీసు భవనంలో సెన్సార్ పోతే, ఫోన్లో నా పేరు చూసి ధైర్యంగా వైరు కలిపేశాడు. మర్నాడు పొద్దున్నే, అక్కడ నేల తుడిచే పెద్దావిడ బకెట్ల బండి లోపలికి తోస్తుంటే తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. ఆవిడ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

చూడటానికి వెళ్ళాను. ఒకటే గది, ఒకటే కుర్చీ. ఆ కుర్చీ నాకిచ్చి తను మంచం మీద కూర్చుంది. ఎడం చేత్తో గ్లాసు పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు, నీళ్ళు చీర మీద ఒలుకుతున్నాయి.

"ఎవరో మేడం చెప్పారు, అందుకే చేశానన్నాడమ్మా ఆ అబ్బాయి. మీరేనా ఆవిడ?" అంది.

"ఆ మాట నాది కాదమ్మా."

"మరి ఎవరిది?"

తల దించుకుని వచ్చేశాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎవరి ముందు నుంచీ అలా లేచి రాలేదురా.

ఆఫీసులో ఇంకో భాగోతం. నా పోస్టు మొత్తం తీసి మేనేజరు ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి అన్నాడు కదా, "కింద 'సవరించారు' అని ఉందేమిటండీ?" ఏదో అక్షరం తప్పు పడితే దిద్దాను, అంతే. ఆయన నమ్మడు. "ఆవిడ చెయ్యి విరిగాక 'చెయ్యకండి' అని చేర్చలేదని నేనెలా అనుకోవాలి? కొందరు అంటున్నారని రాశారు. ఆ కొందరెవరు? చెప్పండి, మీరు ఒడ్డున పడతారు. లేకపోతే ఆ మాట మీదే."

ఫోను బ్యాగులో వేసుకుని బయటికొచ్చాను. సోమవారం విచారణ. అప్పటిదాకా తనిఖీకి పంపరు, సంతకం పెట్టనివ్వరు. స్టోర్ రూములో బోల్టులు లెక్కపెడుతూ కూర్చున్నాను. కుర్రకారు అటు వచ్చి "మేడం, వైరు కలిపెయ్యమంటారా?" అని ఇకిలిస్తున్నారు.

నువ్వేమో, "నీ పేరు పెట్టాను కదక్కా, నా గొప్పగా చెప్పుకోలేదు కదా" అని రాశావు. ఏం ఉద్ధరించావురా! నేను చెయ్యొద్దన్నదాన్ని చెయ్యమన్నానని చెప్పి, కింద నా పేరు చెక్కడం గౌరవమా? పైగా ఉత్తరం చివర, "నాకు ప్రమోషన్ వచ్చే సమయం, నన్ను ఇందులోకి లాగకు, పొరపాటున రాశానని నువ్వే ఒప్పేసుకో" అనడానికి నీకు నోరెలా వచ్చింది? చదివి మీ బావ ఒంటికాలి మీద లేచారు. ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు, ఆపాలనీ అనిపించలేదు.

ఇప్పుడు నేను దాచిన మాట చెబుతాను. కూర్చుని చదువు.

నేనా పోస్టు రాసే ముందు వారం నువ్వు నాకు పంపిన వాయిస్ మెసేజ్ తీసి విను. నీ ఫోన్లోనే ఉంటుంది. "మా సూపర్‌వైజర్ ఊరికే గోల పెడతాడక్కా. సెన్సార్‌ని వైరుతో కలిపేసి నడిపించెయ్యొచ్చు, కొంపేం మునగదు." అక్షరం పొల్లుపోలేదు. ఆ రోజు ఫోన్ చేసి తిడితే "ఊరికే అన్నాలే" అని నవ్వావు. నీలాగే ఇంకెంతమంది అనుకుంటున్నారోనని భయమేసి గ్రూపులో రాశాను. పేరు పెడితే నలుగురిలో నీ పరువు పోతుందని "కొందరు" అన్నాను.

ఆ కొందరు నువ్వేరా. నీ మాట నీ కళ్ళ ముందుకొస్తే గుర్తుపట్టలేదు. అక్క కూడా అచ్చం నాలాగే అంటోందని మురిసిపోయి, తీసుకెళ్ళి నా పేరున ఊరంతా పంచావు.

నా ఒక్కదానికి పంపింది నలుగురి ముందు పెట్టాలంటే ముందు నిన్ను అడగాలి. నాకా పద్ధతి తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. అడగడమంటే బతిమాలడం కాదు. ఆదివారం లోపల, నువ్వు పంచిన ప్రతి గ్రూపులోనూ నా పోస్టు మొత్తం పెట్టి, ఆ కొందరు నేనేనని నీ పేరుతో రాయి. లేదూ, సోమవారం మేనేజరు ముందు నీ గొంతే వినిపిస్తాను. మొత్తం వినిపిస్తాను. చివర్లో "నువ్వు జాగ్రత్తక్కా, నాకు నువ్వు కాక ఎవరున్నారు" అన్నావు చూడు, అది కూడా కత్తిరించను.

అక్కడి నుంచి తిన్నగా ఆ పెద్దావిడ ఇంటికి వెళ్తాను. ఎవరిదమ్మా ఆ మాట అని మళ్ళీ అడుగుతుంది. ఈసారి చెబుతాను. నీకు సిగ్గుంటే నువ్వే వచ్చి చెప్పు, కుర్చీ నీకే ఇస్తుంది.

ఇట్లు,
నీ మాటను తన పేరు మీద మోస్తున్న
అక్క