పేరు చెప్పని ప్రార్థన

విడవలూరు,
ఆదివారం సాయంత్రం.

ఫేబీ నాన్నగారికి కెజియా వందనాలు.

దేవుని దయవల్ల నేను, పాప, అత్తమ్మ ఆరోగ్యంగా ఉన్నాం. మస్కట్ ఎండల్లో మీరూ కుశలంగా ఉన్నారని తలుస్తాను. ముత్యాలయ్యన్న చేత పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. ఆయన మళ్ళీ బయలుదేరుతున్నాడని ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోన్‌లో అయితే మీరు "సరే సరే, డ్యూటీకి టైమైంది" అని పెట్టేస్తారు. ఇది మాత్రం చివరిదాకా చదవాలి.

అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. వంటింటి కప్పు ఇప్పుడు కురవడం లేదు, మొన్నటి వానకి చుక్క పడలేదు. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది కానీ, చేపలామెతో బేరం మొదలుపెడితే ఆ నొప్పి ఎక్కడికి పోతుందో తెలియదు. ఫేబీకి ముందుపళ్ళు రెండూ ఊడాయి. ఫోటో తీస్తానంటే నోరు గట్టిగా మూసుకుంటుంది.

చదువు ఎలా సాగుతోందని కూడా అడిగారు. ఆ ఒక్క ముక్క చదివి నాకు ఒళ్ళు మండింది.

బాగానే సాగుతోంది. డి.ఎడ్ క్లాసులో పిల్లలు మొదట్లో నన్ను ఆంటీ అనేవాళ్ళు, ఇప్పుడు అక్కా అంటున్నారు. ఈ నెల నుంచి మన ఊరి బడిలోనే పాఠాలు చెప్పే శిక్షణ. రెండో తరగతికి తీసివేతలు నేర్పుదామని సముద్రం ఒడ్డున ఏరిన గవ్వలు తీసుకెళ్ళాను. పాఠం అయ్యేసరికి సగం గవ్వలు పిల్లల జేబుల్లో ఉన్నాయి. తీసివేత మాత్రం అందరికీ బాగా అర్థమైంది! ఇంటికొస్తూ దారంతా ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇక అసలు సంగతి. మన చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన మీకు తెలుసు. ఎవరికే కష్టం ఉన్నా చెప్పుకుంటారు, పేరు చెప్పుకోలేనివాళ్ళ కోసం పేరు లేకుండానే ప్రార్థిస్తాం. వానాకాలం నుంచి పాస్టరమ్మ ఎలిశబెతమ్మగారు ఒక మనవి చెప్తూ వచ్చారు. "ఒక సహోదరి సంసారం చెదిరిపోయేటట్టుగా ఉండాది. ఆమె మనసు మారాలని ప్రార్థన చేద్దారి." ఎవరో పాపం అనుకున్నాను. నేను కూడా మోకాళ్ళ మీద పడి, పస్తుండి, కన్నీళ్ళతో ప్రార్థించాను. ఆమేన్ అన్నవాళ్ళలో నా గొంతే పెద్దది.

పోయిన వారం కాలేజీ సంచితో బడి నుంచి వస్తుంటే పాస్టరమ్మ ఎదురైంది. నన్ను చూసి నిట్టూర్చింది.

"ఏం మే కెజియా, ఇంకా మాన్లేదా? నీ కోసరం ఇన్ని ఉపవాసాలుంటిమే!"

"నా కోసరమా?"

"నీ మొగుడే కదా ఫోన్ చేసి అడిగింది. చదువు మానుకోని ఇంటిపట్టున ఉండేటట్టు చెయ్యమన్నాడు. నీకు తెలిస్తే బాధపడతావని పేరు చెప్పొద్దన్నాడు. మంచోడమ్మా."

మంచోడు. నన్ను కాలేజీలో చేర్చిన రోజు బస్టాండులో కనిపించిన ప్రతి ఒక్కరికీ "మా కెజియా టీచరమ్మ అవతాది" అని చెప్పింది ఈ మంచోడే. ఆ సంచి కొనిపెట్టిందీ ఈ మంచోడే. నా ముందు చదువుకో అన్నారు, నా వెనక దేవుడికి వద్దని చెప్పుకున్నారు. వద్దని నాతోనే అని ఉంటే పోట్లాడుకునేవాళ్ళం, ఏడ్చేదాన్ని, అంతటితో పోయేది. ఉద్యోగం వస్తే ఎక్కడ వేస్తారో, పాప ఏమైపోతుందో అని మీకు భయం ఉండొచ్చు. ఆ భయం చెప్పుకోవడానికి ఊరంతా దొరికింది, నేను దొరకలేదు. మీరు నన్ను మోసం చేశారు. ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

మొన్న శుక్రవారం ప్రార్థనలో లేచి నిలబడ్డాను. "ఆ సహోదరిని నేనే. నా మనసు మారలేదు. నేను టీచరుని కావాలని ప్రార్థన చెయ్యండి" అన్నాను. పరంజ్యోతవ్వ, "ఇప్పుడు మేం ఎవురి మాట చెప్పాల దేవుడికి?" అంది. ఇంకో రోజైతే నాకు నవ్వొచ్చేది.

మీకు ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. ఆ శుక్రవారాలన్నీ ఫేబీ నా పక్కనే మోకరించింది. పేరు తెలియని ఆ అమ్మ కోసం చిన్న చేతులు జోడించి నాతోపాటు ఆమేన్ అంది. మొన్న నేను లేచి చెప్పింది కూడా విన్నది. ఇంటికొచ్చాక నా సంచి తెచ్చి తన వెనక దాచుకుంది.

"అమ్మా, మనం కూడా ఆమేన్ అన్నాం కదా. ఇప్పుడు నువ్వు మానేయాల్నా?"

సంచి తీసుకుని పుస్తకాలు సర్దుకున్నాను. రేపు బడికి వెళ్తాను, ఎల్లుండీ వెళ్తాను. అందులో మీ సలహా అడగడం లేదు. కానీ అది మీ బిడ్డ, ఆ ప్రార్థన మీది. ఈసారి పాస్టరమ్మకి కాదు, ఫేబీకి ఫోన్ చెయ్యండి. జవాబు మీరే చెప్పండి.

ఇట్లు,
మీరు పేరు చెప్పొద్దన్న మీ భార్య,
కెజియా.