మందు లేని తోపు

మార్చి 2, ఆదివారం

నిర్ణయం అయిపోయింది! తోపు తయారు చేస్తున్నాను, అదే, ఫిరంగి. చిన్నదే, మూరెడు పొడవు. మా రూం కోసం.

కారణం మునవ్వర్ భాయ్. కోరుట్ల మనిషి, రాత్రి డ్యూటీ డ్రైవరు, నా పక్క మంచం. పోయిన రంజాన్‌లో నన్ను ఇక్కడి కోట దగ్గరికి తీసుకెళ్లి, ఉపవాసం విడిచే వేళకు పేల్చే ఇఫ్తార్ తోపు చూపించాడు. అది పేలాకే ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు, పిల్లాడిలా నవ్వాడు. ఈసారి డ్యూటీ మారింది. పగలంతా కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటాడు. లేచేసరికి ఇఫ్తార్. బహ్రెయిన్‌లో మా గుదైబియా రూంలో పాత ఏసీ మోతకు మసీదు అజాన్ కూడా సగమే వినపడుతుంది.

"భాయ్, ఈసారి మన రూంల తోపు నేను పేలుస్త" అన్నాను.

"నువ్వా?" అన్నాడు.

ఆ 'నువ్వా' నాకు గుచ్చుకుంది. చూపిస్తా!

నియమం ఒక్కటే. మందు ముట్టను. పరాయి దేశంలో పేలుడు మందుతో ఆటలాడితే ముందు వేళ్లు పోతాయి, తర్వాత వీసా పోతుంది. చప్పుడు మాత్రమే. మా ఆవిడ శిరీషకు వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను: "మందు ముట్ట. నీ మీద ఒట్టు."

మార్చి 3, సోమవారం

నా ఫోనులో ఎప్పుడూ ఊరి టైమే. మా ఆవిడ లేచిందో లేదో తెలియాలి కదా. డ్యూటీకి గోడ గడియారం చాలు.

ఈ రోజు ఆవిడే ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"గీ మాట కోసం పెండ్లయిన కాన్నుంచి ఎదురుచూస్తున్న. మా అవ్వకు గూడ చెప్పిన, ఆయన తాగుడు బంద్ వెట్టిండని."

ఆ మందు వేరు, ఈ మందు వేరు అని చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ సంతోషం చూసి మూసుకున్నాను.

మార్చి 5, బుధవారం

తోపు సిద్ధం! సైటులో మిగిలిన పైపు ముక్క, సూపర్‌వైజర్ని అడిగే తెచ్చాను. ఒక కొసకు బెలూన్ బిగించాను. లాగి వదిలితే గాలి దూకుతుంది. పైన నల్లరంగు. చూడ్డానికి బ్రహ్మాండం!

ఇఫ్తార్. లాగాను. వదిలాను. ఫుస్.

"ఇది తోప్ గాదు భూమేష్. పిల్లి తుమ్మింది" అన్నాడు భాయ్. కానీ ఆ పిల్లి తుమ్మేదాకా ఖర్జూరం నోట్లో పెట్టలేదు. మంచి మనిషి.

మార్చి 9, ఆదివారం

పని ముందుకు సాగలేదు. కారణాలు: ఓవర్‌టైం. దుమ్ముగాలి. నడుంనొప్పి. బెలూన్ చిరిగింది. ఇంత మీసమున్న టైల్స్ మేస్త్రీ వెళ్లి బెలూన్ కావాలంటే షాపువాడు పుట్టినరోజు ఎవరిదని అడగడా?

ఇఫ్తార్‌కి భాయ్ నా వైపు చూశాడు. నేను కూర వైపు చూశాను.

మార్చి 11, మంగళవారం

పై అంతస్తు గణపతి వచ్చాడు. అమలాపురం మనిషి, అద్లియాలో హోటల్ వంట.

"అగ్గిపుల్లల మందు గోకి కూరేద్దాం గురూ! బిల్డింగు దద్దరిల్లిపోద్ది!"

కాసేపు ఆలోచించాను. ఆలోచించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"నా వేళ్లు వోతే టైల్స్ నువ్వొచ్చి పరుస్తవా?"

"భయమేటి?"

"అవ్, భయమే. పో."

మార్చి 13, గురువారం

ఐడియా!! తోపు చప్పుడు ఫోనులోకి దింపాను. అలారంగా పెట్టాను. ఫోనును పైపులో దూర్చి ఒకసారి మోగించి చూశాను. ఢాం! గిన్నెలు కదిలాయి! మందు లేదు, బెలూన్ లేదు, ఇఫ్తార్ టైముకు తనంతట తనే పేలుతుంది. ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నానో!

"రేపు నువ్వు అలారం వెట్టకు భాయ్. నా తోపే లేపుతది."

"సరే. నీ మీదనే భరోసా" అన్నాడు.

మార్చి 14, శుక్రవారం

భాయ్ జుమ్మా నమాజు నుంచి వచ్చి పడుకున్నాడు. ఫోను పైపులోనే వదిలి నేను లాండ్రీకి వెళ్లాను. బట్టలతో తిరిగొచ్చి తలుపు తీస్తే భాయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. బుగ్గన ఖర్జూరం, చేతిలో షర్బత్, ముఖమంతా వెలుగు.

"వాహ్ భూమేష్! గిది తోప్ అంటే! గుండె జల్లుమన్నది!"

నా ఛాతీ ఇంతయింది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే చెమట తుడుచుకున్నాను. ఎండకు పట్టిన చెమట. ఇఫ్తార్ వేళ ఎండేమిటి?

భాయ్ లేచి కిటికీ దుప్పటి తీశాడు. రూం నిండా ఎండ. గోడ గడియారంలో మూడుంపావు.

ఊరి టైం! రెండున్నర గంటలు ముందు! నా తోపు బహ్రెయిన్‌లో కూర్చుని కోరుట్ల గడియారం ప్రకారం పేలింది.

భాయ్ నోట్లోది ఉమ్మి, నోరు కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 16, ఆదివారం

ఖలాస్. పైపును మంచం కిందకు తోసేశాను. నాకెందుకీ తోపులు?

భాయ్ ఇంకా మాట్లాడడం లేదు. రూంలో ఉండబుద్ధి కావడం లేదు. శిరీషకు అంతా చెప్పేశాను, మందు సంగతితో సహా.

"నీ మందు సంగతి నేను తర్వాత జూస్త. ముందుగాల ఆ అన్నను మాఫీ అడుగు."

మార్చి 17, సోమవారం

అడిగాను. చెయ్యి పట్టుకుని అడిగాను.

"పోయిన రోజా పోయింది. పండుగయినంక ఇంకో ఉపాసం ఉండాలె" అన్నాడు.

"ఆ దినం నేను గూడ ఉంట, నీతోని."

"నువ్వా?"

అదే 'నువ్వా'. ఈసారి నవ్వుతూ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ఏసీ ఆపి కూర్చున్నాం. అజాన్ మొదలైంది. భాయ్ ఖర్జూరం పట్టుకున్నాడు గానీ తినడం లేదు.

"అజాన్ అయితున్నది భాయ్. తిను."

"తోప్ ఏది?" అన్నాడు.

మంచం కింద పైపు లాగాను. నోటి దగ్గర పెట్టుకుని "ఢాం!" అన్నాను. అప్పుడు తిన్నాడు.

రేపటి నుంచి మళ్లీ మొదలు! సైటులో ఇంకా లావు పైపు చూశాను. ఫోనుకు ఇక్కడి టైం పెట్టాను, శిరీష కోసం గోడ గడియారాన్ని ఊరి టైముకు మార్చాను. ఆవిడకు కొత్త వాయిస్ మెసేజ్ కూడా పంపాను: "మందు ముట్ట. ఈసారి రెండు మందులూ."